బంగార్రాజు ఇవ్వని నీళ్ళు

భవానీపురం రేవులో బంగార్రాజు తిట్టని భక్తుడు లేడు. యాభై ఎనిమిదేళ్ళ ఈ గజ ఈతగాడు ముప్పై ఏళ్ళుగా కృష్ణలో మునిగేవారిని ఒడ్డుకు లాగుతున్నాడు. ఎంతమందిని లాగాడో అతనికే లెక్క తెలియదు. ఒడ్డుకు చేరినవాడికి ముందు చెంపదెబ్బ, తరువాతే తువ్వాలు. బారేజీకి ఎగువన నది నిశ్చలంగా కనిపిస్తుంది కాని, మెట్లు దాటి నాలుగడుగులు వేస్తే కాలికి నేల అందదు. ఆ సంగతి బోర్డు మీద రాసి ఉన్నది, మైకులో చెబుతూనే ఉంటారు. అయినా ఫొటో కోసం అయిదో అడుగు వేసే భక్తి ఏ శాస్త్రంలో ఉన్నది?

"పుణ్యం కొట్టేద్దామని వచ్చి నా నెత్తిన పాపం పెడతారేంట్రా!" అని అరుస్తాడు. ఆ అరుపులో అన్యాయమేమీ లేదు.

అతని విద్యకు సూత్రం చిన్నది. మునిగేవాడికి ఎదురు పోరాదు; వెనుకనుంచి జుట్టు పట్టి లాగాలి. ఒకవేళ వాడు మెడకు చుట్టుకుంటే పెనుగులాడరాదు. వాడితోసహా నీటి అడుగుకు పోవాలి. గాలికోసం వాడు పైకి ఎగబాకుతాడు, పట్టు వదులుతాడు. ఈ కిటుకును తమ్ముడు చిట్టిబాబుకు పదేళ్ళ వయసులోనే నేర్పాడు బంగార్రాజు.

అయిదేళ్ళ క్రితం, కార్తీక బహుళ విదియనాడు, అదే రేవులో మునుగుతున్నవాణ్ణి కాపాడబోయి చిట్టిబాబు పోయాడు. అతని మెడకు చుట్టుకున్న గుడివాడ కుర్రవాడు లక్ష్మీకాంత్ బతికాడు. పడవవాళ్ళు చూసింది మెడ చుట్టూ బిగిసిన రెండు చేతులనే. వారు చెప్పిందీ అదే. పక్క రేవునుంచి పరుగున వచ్చిన బంగార్రాజుకు పడవ అంచున కక్కుకుంటున్న లక్ష్మీకాంత్ ఒక్కడే కనిపించాడు. ఆనాడు రగిలిన కోపం మరి చల్లారలేదు.

చిట్టిబాబుకు సంతానం లేదు. అన్నే తిలోదకం ఇవ్వాలి. నువ్వులు కలిపిన నీటిని దోసిటనుంచి జారవిడిస్తేనే పోయినవాడి దాహం తీరుతుందని శాస్త్రం. ఏటిలో పోయినవాడికి ఆ ఏటి నీరే దోసెడు దక్కకపోవడం ఎంత ఘోరం! రేవు పురోహితుడు చెప్పాడు. భార్య రత్తమ్మ బతిమాలింది. "నీళ్ళిచ్చేస్తే అయిపోయినట్టేగా! ఆ ఎదవ ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాడు. నేనియ్యను" అన్నాడు బంగార్రాజు.

ఏటేటా ఆ తిథికి లక్ష్మీకాంత్ నువ్వుల పొట్లంతో రేవుకు వచ్చేవాడు. నోరు తెరవకముందే బంగార్రాజు తరిమేవాడు. ఒక ఏడు తెడ్డు విసిరాడు. ఈ ఏడూ వచ్చాడు. పొట్లం మెట్టుమీద పెట్టి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"మళ్ళీ తగలడ్డావా?"

"ఒక్క మాట వినండి, బంగార్రాజు గారూ. మీరివ్వకపోతే నేనైనా నీళ్ళిస్తానండీ."

"నా తమ్ముడికి నువ్వెవడివిరా? అప్పుడు కడుపునిండా తాగించావుగా, చాల్లేదా?"

"ఏమయ్యో, చెప్పేది వినవయ్యా!" అన్నది మెట్లమీద ఉన్న రత్తమ్మ. "ఏటా వస్తంటే కుక్కని తోలినట్టు తోల్తన్నావు."

"నువ్వు నోర్ముయ్యవే!"

బంగార్రాజు లక్ష్మీకాంత్ చొక్కా పట్టి నీళ్ళలోకి ఈడ్చాడు. ఛాతీలోతున నిలబెట్టి అతని చేతులు తన మెడకు వేసుకున్నాడు.

"పట్టుకోరా. మావోణ్ణి పట్టుకున్నట్టే పట్టుకో!"

అంటూనే అతనితోసహా మునిగాడు. రెప్పపాటులో ఆ చేతులు విడిపోయాయి. ఇద్దరూ పైకి తేలారు.

"చూశావా? వదిలావుగా! అప్పుడేం రోగమొచ్చిందిరా నీకు?"

లక్ష్మీకాంత్ దగ్గుతూ అన్నాడు: "నన్ను విడిపించుకోడానికి ఆయన మునగలేదండీ."

"ఏంటీ?"

"అప్పటికే నేను బాగా నీళ్ళు తాగేశానండీ. నా చేతులు సడలిపోతుంటే ఆయనే లాగి మెడకేసుకున్నారు. 'పట్టుకో బాబూ, వదలమాకు, పడవొస్తంది' అన్నారండీ. పడవొచ్చేదాకా నన్ను భుజాలమీద ఎత్తి, ఆయన నీళ్ళ కిందే ఉండిపోయారు. ఈ మాట చెబుదామనే ఏటా వస్తున్నానండీ."

బంగార్రాజు చేతులు చొక్కాను వదిలాయి. కోపం మాత్రం పోలేదు, ఏటివైపు తిరిగింది.

"ఒరే చిట్టిగా! నేనేం నేర్పాను, నువ్వేం చేశావురా సన్నాసీ! మునగమన్నానా లేదా? అన్న మాటంటే లెక్కలేదా నీకు?"

గొంతు బొంగురుపోయేవరకు, పదేళ్ళ పిల్లవాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. ఒడ్డున ఒకడు వీడియో తీయబోగా రత్తమ్మ చెంబెడు నీళ్ళు వాడి ఫోనుమీద కొట్టింది.

తడిబట్టలతోనే బంగార్రాజు పురోహితుని ముందు కూర్చున్నాడు. "మంత్రం చెప్పండి పంతులుగారూ, తొందరగా." లక్ష్మీకాంత్ తెచ్చిన నువ్వులే తీసుకున్నాడు. మంత్రం ముగిసింది, దోసిలి కదలలేదు. ఎంత బిగించినా వేళ్ళ సందులనుంచి నీరు కారుతూనే ఉన్నది. పురోహితుడు మళ్ళీ చెప్పాడు. మూడోసారికి బొటనవేలి పక్కగా నీరు విడిచాడు, తమ్ముని పేరు పలుకుతూ.

"వీడు ఇయ్యొచ్చా?" అన్నాడు, లక్ష్మీకాంత్‌ను చూడకుండానే.

"ఇవ్వవచ్చు. బంధువు కానివారు విడిచిన నీరూ అందుతుంది."

పొట్లం అతనివైపు విసురుగా నెట్టాడు. లక్ష్మీకాంత్ నీళ్ళు విడిచి లేచేసరికి బంగార్రాజు ఎదురు నిలబడి ఉన్నాడు.

"ఈతొచ్చా నీకు?"

"రాదండీ."

"అయిదేళ్ళుగా ఏం గాడిదలు కాశావురా! రేపు పొద్దున ఆరింటికల్లా ఇక్కడుండు. రాకపోయావో, గుడివాడొచ్చి జుట్టు పట్టి ఈడ్చుకొస్తా."