ప్రేమ విందుకు ముందు పేగుల పాఠం

ఆ రోజుల్లో నాకు జనం కడుపులు బాగుచేసేద్దామని మహా ఆవేశం ఉండేది. డిగ్రీ అవగానే, ఊరూరా తిరిగి ఆరోగ్యం గురించి చెప్పే ఒక చిన్న సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. మా గోదావరి జిల్లాల్లో "తక్కువ తినండి" అని చెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ఆ సంస్థని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. ఆ పనికి ఒప్పుకున్న నన్ను ఏమనాలో మాత్రం మా అమ్మకి బాగా తెలుసు. (రోజూ అనేది.)

నా మొదటి ప్రసంగం ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెలో, చర్చి హాల్లో. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోంచేసే ప్రేమ విందుంది, దానికి ముందు అరగంట నాది. మా సూపర్‌వైజర్ మేడం వచ్చి వింటారు. ఆవిడకి నచ్చితే కాంట్రాక్టు పొడిగిస్తారు, లేదంటే నేను ఇంటికే. అన్నం బాగా నమిలితే నోట్లోనే అరుగుదల మొదలవుతుందనీ, పొట్టలో అది గుజ్జవుతుందనీ, చిన్నపేగు సారం పీల్చుకుంటే పెద్దపేగు నీరు లాగేసి మిగతాది బయటికి పంపుతుందనీ కంఠతా పట్టేశాను.

పొద్దున్నే వెళ్లి ఇంటింటికీ పిలుద్దామన్న దిక్కుమాలిన ఆలోచన కూడా నాదే. పిలుపుకి వచ్చిన మనిషిని ఉత్త నోటితో పంపడం అక్కడ నామోషీ. మొదటి గుమ్మంలోనే గిన్నెడు జున్ను పెట్టారు. "వద్దండి, టిఫిను చేశానండి" అన్నాను. "చేస్తే ఏంటమ్మా, ఇది టిఫిను కాదుగా, జున్ను" అన్నారా ఇంటావిడ. పక్కింట్లో సున్నుండలు. "వాళ్లింట్లో తిని మా ఇంట్లో తినవా?" అని ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటే తినక చస్తామా? ఆ పై ఇంట్లో నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, ఆ ఎదురింట్లో ఇడ్లీలూ రాత్రి మిగిలిన చేపల పులుసూ. చివరికి పాస్టరమ్మగారైతే, ఎండలో తిరిగి పీక్కుపోయానని ఏకంగా పనసపొట్టు కూరతో అన్నమే పెట్టేశారు. "తక్కువ తినమని చెప్పడానికి వచ్చానండీ!" అని మొత్తుకున్నాను. "చెబుదువుగాని తల్లీ, చెప్పడానికి ఓపిక ఉండొద్దూ?" అంటూ ఇంకో గరిటె తీశారు. చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వడ్డించారు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొక్కటే తక్కువ.

హాల్లో నిలబడేసరికి పొట్ట రాయిలా ఉంది. వెనక వరండాలోంచి కోడి పలావు వాసన. జనం కళ్లన్నీ ఆ తలుపుమీదే. సండే స్కూలు పిల్లలు పాడాలని కిందికి దించిన మైకు స్టాండు మళ్లీ పైకి లేవనని మొరాయించి, సరిగ్గా నా పొట్టకెదురుగా ఆగిపోయింది. నోరు, అన్నవాహిక దాటుకుని "ఇక్కణ్ణుంచి ఆహారం పొట్టలోకి వస్తుందండి" అన్నానో లేదో, నా పొట్ట పెద్దగా మూలిగింది. స్పీకర్లలో. పక్క వీధికి కూడా వినిపించి ఉంటుంది.

"ఏంటమ్మా ఆ శబ్దం?" అన్నారు ముందు వరసలో పెద్దాయన ఒకరు. "పేగుల కదలికండి" అన్నాను, ఇంకేమనాలో తోచక. హాలంతా ఒకటే నవ్వు. నా ఉద్యోగం ఊడిందనుకుంటూ మేడం వైపు చూశాను. ఆవిడ చెమటలు కక్కుతూ పొట్ట పట్టుకుని కూర్చున్నారు. పాస్టరమ్మగారు ఆవిణ్ణి కూడా వదల్లేదన్నమాట! "నీ దగ్గర గ్యాస్ టాబ్లెట్ ఏదైనా ఉందా?" అని చిన్నగా అడిగారు.

అంతే, నాకు కోపం తన్నుకొచ్చింది. "చూశారుగా! ఆకలి లేకుండా, నమలకుండా కుక్కితే ఇలాగే ఉంటుంది! ఆకుకూరలు తినండి, నీళ్లు తాగండి, తిన్నాక పడుకోకుండా కాస్త నడవండి. ఎదుటి మనిషి చాలంటే చాలని వినండి!" అని అరిచేశాను. ఆ పెద్దాయనే "ఆమేన్" అన్నారు. పాస్టరమ్మగారు వచ్చి నా చేతిలో కాస్త వాము పోసి, "ఎంత బాగా చెప్పావమ్మా! రా, మొదటి ప్లేటు నీదే" అన్నారు.

కాంట్రాక్టు పొడిగించారు. (జనానికి గుర్తుండేలా చెప్పానట.)

ఇన్నేళ్ల తర్వాత మొన్న అటువైపు పనిపడి పాస్టరమ్మగారింటికి వెళ్లాను. జుట్టంతా తెల్లబడింది, మనిషి మాత్రం చలాకీగా ఉన్నారు. వంటింట్లోంచి ఆవపెట్టిన పనసపొట్టు వాసన గుమ్మందాకా వస్తోంది. "భోంచేస్తావా అమ్మా?" అన్నారు. అందరం అన్నట్టే నేనూ మొహమాటానికి "అబ్బే, వద్దులెండి" అన్నాను, రెండోసారి అడుగుతారు కదా అని.

"సరేనమ్మా. నువ్వు ఆ రోజు చెప్పాక ఎవర్నీ బలవంతపెట్టడం మానేశాను" అని సంతోషంగా చెప్పి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లిచ్చి, చేతిలో ఒక అరటిపండు పెట్టారు. నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో! నా జీవితంలో నా మాట విన్న మనిషి ఈవిడొక్కరే, అదీ ఇవాళే వినాలా? తిరుగు బస్సులో కూర్చుని ఆ అరటిపండు తిన్నాను, నేను నేర్పినట్టే, బాగా నమిలి.