అయిదో అర కోళ్లు

మస్తూరా ఎడమచేత్తో పెట్ట రెక్కల్ని ఒడిసి పట్టింది. అక్రోటు తొక్కు కాల్చిన మసిని పత్తిగింజల నూనెలో కలిపిన ముద్దని కుడిచేతి వేలితో తీసి, దాని వీపు మీది పుండుకి పూస్తోంది. ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు మళ్లీ అక్కడే పొడుస్తాయి. నల్లగా ఉంటే వదిలేస్తాయి.

ఆ పెట్టని రుమాల్లో చుట్టి తెచ్చిన హనీఫా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నువ్విచ్చినవి కోళ్లా ఆపా, కసాయోళ్లా? పన్నెండిచ్చావు. రెండు నెలలకి ఏడు మిగిలాయి. ఆ ఏడూ ఒకదాన్ని చూసి ఒకటి వణుకుతున్నాయి. ఇంక గుడ్లేం పెడతాయి?"

"అన్నీ మేలురకం పెట్టల పిల్లలే చెల్లీ."

"మేలురకమే! పొడవడంలో."

హనీఫా ఇల్లు గుడ్ల మీదే నడుస్తుంది. బజారు మొదట్లో తురోబ్ మాంసం కూరిన సంసాలు కాలుస్తాడు. పొయ్యిలో అంటించే ముందు వాటిపై రాసే గుడ్డుసొన ఈమె గుడ్లదే. వరసగా నాలుగు రోజులు గుడ్లు రాకపోతే అతను ఇంకొకరిని చూసుకుంటాడు.

"మళ్లీ పన్నెండిస్తాను. వాటిలో ఒక్కటీ పొడుచుకు చావదు. అందాకా తురోబ్‌కి నీ పేరు మీద నా గుడ్లు వెళ్తాయి," అంది మస్తూరా.

"ఈసారీ ఇలాగే అయితే?"

"ఇక మన వీధిలో నేను కోడి అన్న మాట ఎత్తను."

మస్తూరా ఇరవై ఏళ్లు మర్గిలాన్ పట్టుమిల్లులో దారం చుట్టింది. మిల్లు మూతపడ్డాక కోళ్లు పెట్టుకుంది. గోడ ఇవతల మా ఇల్లు. నాది వడ్రంగం పని. ఆమె కొట్టంలో ఎనిమిది అరలూ నేను కట్టినవే. అరకి తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. పుస్తకం చూసి నేర్చుకున్న మనిషి కాదామె. రోజూ తెల్లారగానే ఒక్కో పెట్టనీ వేలితో తడిమి, ఏది గుడ్డు మీద ఉందో చూసుకునేది. ఏ అరలో ఏది ఎక్కువ పెడితే దాని కాలికి ఎర్ర పట్టుదారం కట్టేది. ఆ ఎనిమిది ఎర్రదారాల గుడ్లే పొదగేసి, పుట్టిన పెట్టల్లోంచి ఏరి హనీఫాకిచ్చింది.

ఈ సలహా ఆమె భర్త గనీజాన్‌ది. కుర్రతనంలో పందెం పుంజులు పెంచిన మనిషి. "గెలిచినదాని కడుపునే గెలిచేది పుడుతుంది," అంటాడు. మా వీధిలో ఏ మగాణ్ణడిగినా ఇదే మాట చెబుతాడు. అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి.

హనీఫా వెళ్లాక మస్తూరా టీ కెటిల్ తెచ్చుకుని కొట్టం ముందు కూర్చుంది. మూడు రోజులు అలాగే కోళ్లని చూస్తూ కూర్చుంది. నాలుగో రోజు గోడ మీంచి నన్ను పిలిచింది.

"ఉస్తా, ఇలా రా. రెండో అరలో ఎర్రదారం దాన్ని చూడు."

చూశాను. ఆ పెట్ట మేత తొట్టికి అడ్డంగా నిలబడింది. దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ మెడ మీద పొడిచి తరిమేస్తోంది. మిగతా ఎనిమిదీ మూలకి చేరాయి, ఈకలూడి.

"ఇది ఎక్కువ పెడుతోందని మురిసిపోయాను. మిగతావాటి నోటికాడ కూడు లాక్కుని పెడుతోంది. అలాంటివాటినే ఎనిమిదింటిని ఏరి, వాటి కూతుళ్లని ఒక్కచోట పడేశాను."

"మరి మంచి పెట్టని ఎలా ఏరుతావ్?"

"పెట్టని ఏరను. అరని ఏరతాను. అయిదో అరలో ఎర్రదారం దేనికి కట్టాలో ఏనాడూ తేలేది కాదు. అన్నీ ఒక్కలాగే పెడతాయి. గుడ్ల బుట్ట మాత్రం దానిదే బరువు."

గనీజాన్ అరుగు మీంచి నవ్వాడు. "మెతక కోళ్ల కడుపున మెతకవే పుడతాయి. రేపు పిల్లి వస్తే సలాం కొడతాయి."

"మీ పుంజులు పిల్లిని తరిమాయేంటి నిగోరా నాన్నా? కుక్క మా నాన్న చెప్పులు ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చున్నాయి," అంది మస్తూరా మొగుడితో.

"ఒక్క అర అదృష్టం బాగుందంతే. దానికే ఇంత హంగామానా?"

"అదృష్టమైతే పిల్లలకి రాదు. చూద్దాం."

ఆ వసంతంలో అయిదో అర గుడ్లన్నీ పొదగేసింది. ఎదిగిన కూతుళ్లని నాలుగు అరల్లో పెట్టి, రక్తం మరీ దగ్గరవకుండా, బుట్ట బరువులో రెండోదైన మూడో అర గుడ్ల నుంచి పుట్టిన పుంజుల్ని వాటితో కలిపింది. దేనికీ ఎర్రదారం లేదు. అర తలుపు మీద సుద్దతో బుట్ట లెక్క రాసింది, అంతే. మరుసటి వసంతం, అన్నింటికన్నా బుట్ట నిండిన అర మొత్తాన్నీ తల్లులుగా పెట్టుకుంది. కొట్టంలో గోల తగ్గింది. మసిగిన్నె ఎండిపోయింది.

రెండేళ్లూ తురోబ్ పొయ్యికి గుడ్లు ఆగలేదు. రెండేళ్లూ హనీఫా దారిలో ఎదురైనప్పుడల్లా "కసాయోళ్లు కులాసానా ఆపా?" అని అడుగుతూనే ఉంది.

ఇచ్చే ముందురోజు మస్తూరా నా చేత పొట్టి తొట్టి ఒకటి చేయించింది. పన్నెండు పెట్టలు తినాల్సిన చోట అయిదింటికే జాగా.

"ఇదేంటే, పందెమా?" అన్నాడు గనీజాన్, పీట లాక్కుని కూర్చుంటూ.

"పందెమే. ఆకలి మీదున్నాయి. రక్తం చూస్తే మీరు గెలిచినట్టు."

మేత పోసింది. పన్నెండూ, కుంటుతున్న ఒకదానితో సహా, ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. తోసుకున్నాయి, అరిచాయి, ఒకదాని కింద ఒకటి తలదూర్చాయి. ఒకటి పక్కదాని తల మీద ఒక్కటిచ్చింది, అదీ పైపైన. దెబ్బ తిన్నది కాస్త వెనక్కి జరిగి, రెండోవైపు నుంచి మళ్లీ దూరింది. మేత అయిపోయింది. గనీజాన్ లేచి ఒక్కో పెట్ట వీపూ ఎత్తి చూశాడు. ఎక్కడా ఎర్ర చుక్క లేదు.

"అన్నీ తిన్నాయి," అన్నాడు, ఎవరిమీదో కోపం వచ్చినట్టు. "ఆఖరికి ఆ కుంటిది కూడా."

తెల్లారి రెండు గంపలు నేనొకటి, ఆమె ఒకటి మోశాం. హనీఫా గంప మూత తీసి, ముందు వీపులు చూసింది. తర్వాత మెడలు చూసింది. ఒకదాన్ని ఎత్తి, ఈకలు వేలితో విడదీసి చర్మం చూసింది. దించి ఇంకోదాన్ని ఎత్తింది. పన్నెండూ అయ్యేదాకా వదల్లేదు.

"వీటిలో పెత్తనం దేనిది ఆపా?"

"తెలీదు చెల్లీ. అవీ చెప్పలేదు."

హనీఫా నవ్వింది. ఆ వెంటనే నేనూ నవ్వాను. ఆమె కొట్టం తలుపు తీసింది. పెట్టలు ఒకదాని వెనక ఒకటి లోపలికి నడిచి, మేత కోసం వెతికాయి. మస్తూరా ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి దోపి చంకన పెట్టుకుంది.