ఇసుకతో వండిన అన్నం

మొన్న అమలాపురం బజారులో లక్కపిడతలు చూస్తే నాన్న గుర్తొచ్చాడు.

నా అయిదో ఏట నాన్నకు పేగుల జబ్బు ముదిరి ఆకలి చచ్చిపోయింది. మనిషి సగమయ్యాడు. అమ్మ మజ్జిగన్నంలో దబ్బాకు నలిపి, కంచం నిండా పెట్టి బతిమాలేది.

"రెండు ముద్దలైనా తినండి."

"కంచం చూస్తేనే కడుపు నిండిపోతోందే."

కంచం పక్కకు నెట్టేవాడు. అమ్మ వంట నచ్చక అలిగాడనుకున్నాను.

ఒకరోజు కొబ్బరిచెట్టు కింద లక్కపిడతలో ఇసుక పోసి అన్నం వండాను. కూరకు ఆకులు కోసుకొచ్చేసరికి పిడతలో నిజంగానే మజ్జిగన్నం ఉంది! పరుగున నాన్న దగ్గరకు తీసుకెళ్లాను.

"నాన్నా, నేనే వండేను."

"ఆయ్! తమరు వండితే తినకపోతే ఎలాగండీ?"

పిడత ఖాళీ చేశాడు. కాసేపటికి, "వంటమనిషిగారూ, ఇంకొంచెం ఉందాండీ?" అన్నాడు.

ఆనాటి నుంచి పూటకు నాలుగైదుసార్లు వండాను. ఇసుక ప్రతిసారీ అన్నమయ్యేది.

"అమ్మా, నీకంటే నా వంటే బాగుందంట!"

"ఆయ్, నా వంట ఇంకెవరిక్కావాలిలే," అని అమ్మ మూతి తిప్పేది.

నాన్నకు నిండు కంచమంటేనే భయమని, పిడతెడైతే తినగలడని అమ్మ కనిపెట్టింది. ఆ అన్నం తనదేనని మాత్రం నాకు ఎన్నడూ చెప్పలేదు.