తీర్థం పడిన ఓక్ నేల

మా ఆయన జెనోన్ షికాగోలో మా పోలిష్ పేటలో ఇళ్ళ చెక్క నేలలు గీకి రంగు వేస్తాడు. నిరుడు చర్చి హాలు నేలను ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ గీకడంతో రంగు మచ్చలు మచ్చలుగా తేలింది. పేటంతా నవ్వింది, ఒక్కరూ పనికి పిలవలేదు. చివరికి లెయోకాడియా పెద్దమ్మ జాలిపడి తన ముందుగది ఓక్ చెక్క నేల అప్పగించింది. ఇదీ చెడితే గీకుడు మిషను అమ్మేసి మాంసం ఫ్యాక్టరీలో చేరతానన్నాడు.

అది జనవరి. గదంతా నున్నగా గీకి, దుమ్ము తుడిచి, రంగు డబ్బా మూత తీయబోతున్నాం. ఇంతలో ఫాదర్ లూకాష్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. క్రిస్మస్ అయ్యాక ఇల్లిల్లూ తిరిగి దీవించే రోజులవి. ఈసారికి రావద్దని కబురు చేయడం పెద్దమ్మ మరిచిపోయింది. మేము నోరు తెరిచేలోపే ఆయన చేతిలోని గిన్నెలో కుంచె ముంచి పవిత్ర జలం గదంతా చిలకరించేశాడు. జెనోన్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"కొంప ముంచారు కదా ఫాదర్!" అని అరిచాను.

"దీవిస్తే కొంప మునుగుతుందా తల్లీ?"

"అప్పుడే గీకిన చెక్క మీద నీటిచుక్క పడితే అక్కడ పీచు లేస్తుంది. లేచినచోట రంగు ఎక్కువ తాగుతుంది. రేపు ఈ గది చిరుతపులి తోలులా ఉంటుంది, వచ్చి చూద్దురుగాని!"

"యేసుప్రభూ, అంతా నా మతిమరుపే," అని పెద్దమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

జెనోన్ వంగి, తడిచుక్కను వేలితో రాసి చూశాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తాడు.

"ఫాదర్, సగం దీవించి పోతారా? మొత్తం తడిపేద్దాం రండి."

"వేళాకోళమా నాయనా?"

"కాదండీ. అంతా ఒకేలా తడిస్తే పీచు అంతా ఒకేలా లేస్తుంది. రంగూ ఒకేలా తాగుతుంది."

బకెట్ వచ్చింది. ఫాదర్ అంగీ చేతులు మడిచి గుడ్డలు పిండి అందిస్తుంటే, జెనోన్ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సమంగా తడిపాడు.

మర్నాటికి ఆరింది. జెనోన్ రంగు పూస్తుంటే వెనకాలే నేను పైన మిగిలిన రంగు గుడ్డతో తుడిచాను. గుమ్మం దాకా వచ్చాక గానీ తలెత్తి చూసే ధైర్యం చాల్లేదు. చూశాను. కిటికీ వెలుతురులో గదంతా ఒకటే గోధుమరంగు, వెతికినా మచ్చ లేదు. అమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది.

పెద్దమ్మ వచ్చి, చూసి, చెల్లెలికి ఫోన్ చేసింది. "హెలెనా, వసంతం దాకా ఆగకే. మీ మేడమీది గదులు కూడా ఇతనికే ఇచ్చెయ్."

జెనోన్ తల వంచుకుని గుడ్డలు సర్దుతున్నాడు గానీ, చెవులు రెండూ ఎర్రబడ్డాయి. నాకైతే ఆ గది నడిమధ్య గంతులెయ్యాలనిపించింది. రంగు ఇంకా ఆరలేదు కాబట్టి ఊరుకున్నాను.