సలమాంకా వీధుల్లో దుబాసీ

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, అక్టోబరులో నన్ను స్పెయిన్ దేశంలోని సలమాంకా నగరానికి పంపారు. పంపింది మాదాపూర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే భాషా సేవల ఏజెన్సీ. పని అప్పగించింది కొండాపూర్ దాటాక ఉండే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. నా హోదా సీనియర్ ఇంటర్‌ప్రెటర్, స్పానిష్ విభాగం. విభాగం అంటే పదిమంది ఉంటారనుకోకండి, నేనొక్కదాన్నే.

ఆ కంపెనీ సలమాంకాలోని ఒక సంస్థకు ధాన్యం గిడ్డంగుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. వారం రోజులు అక్కడి ఉద్యోగులతో కూర్చుని ఏ తెర మీద ఏం కనిపించాలో అడిగి తెలుసుకోవాలి. వాళ్ళకు ఇంగ్లీషు అంతంతమాత్రం, మనవాళ్ళకు స్పానిష్ సున్నా. హైదరాబాద్ నుంచి వెళ్ళిన బృందంలో అయిదుగురూ తెలుగువాళ్ళే. వాళ్ళకు పెద్ద కిశోర్ గారు, ప్రాజెక్టు మేనేజరు. గుంటూరు మనిషి, ఎవరితో మాట్లాడినా నొప్పించని మర్యాదస్తుడు. టెస్టింగ్, అంటే తయారైన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని, స్వప్న చూసేది. స్వప్న లింగంపల్లి అమ్మాయి. మిగతా ముగ్గురూ ఫోన్లలో తలలు దూర్చుకున్న కుర్రాళ్ళు.

ప్రయాణానికి ముందు కిశోర్ గారు వాళ్ళ ఆఫీసులో కూర్చోబెట్టి పని వివరించారు. చివర్లో, "ఆఖరి రోజు వాళ్ళు గైడ్‌ని పెట్టి మనకి ఊరంతా నడిపించి చూపిస్తారటండీ. ఆవిడకి స్పానిషే వచ్చట. అది కూడా డ్యూటీ కిందే అనుకోవాలి మేడం" అన్నారు. సరేనన్నాను.

డ్యూటీ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. అనువాదకులు వేరు, దుబాసీలు వేరు. అనువాదకులకు కాగితం, టీ, తీరిక ఉంటాయి. దుబాసీకి ఎదుటివాడి నోరు తెరుచుకోవడమే పని మొదలు. ఎవరు మాట్లాడినా 'నేను' అనే చెప్పాలి, 'ఆయన ఇలా అంటున్నారు' అనకూడదు. ఒక మాట కలపకూడదు, ఒక మాట మింగకూడదు. సలహా ఇవ్వకూడదు. ఇద్దరు తమలో తాము మాట్లాడుకున్నది చెవిన పడితే అక్కడే పాతిపెట్టాలి. కానీ ఒకరు ఇంకొకరిని ఉద్దేశించి అన్నదాన్ని, ఆ సందర్భంలో అందరి ముందూ పలికినదాన్ని, తిట్టయినా సరే అవతలికి చేర్చాలి. "ఫోన్లో యాప్ ఉండగా మీరెందుకండీ" అని నన్ను అడిగినవాళ్ళు కొల్లలు. యాప్‌కు పై నియమాలు తెలియవని చెప్పేదాన్ని. కొందరికి అర్థమయ్యేది, చాలామంది నవ్వి ఊరుకునేవారు.

వర్క్‌షాప్ సజావుగానే జరిగింది. అవతలి పక్షంలో పెద్ద రామోన్, యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. అతనితో ఎప్పుడూ లూసియా అనే సహాయ అధికారి ఉండేది. మొదటి రోజే ఇద్దరికీ నా పద్ధతి చెప్పాను. నవ్వి, సరేనన్నారు.

ఆఖరి రోజు, శుక్రవారం ఉదయం హోటల్లో టిఫిన్ దగ్గర స్వప్న నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది. ఏమ్మా అంటే, "జర పరేషాన్‌ల ఉన్న మేడం" అంది. గచ్చిబౌలిలో ఇంకో కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇస్తానంది. వస్తుందో రాదో ఆ రోజే, హైదరాబాద్ సమయం సాయంత్రం ఆరు లోపల చెప్పాలి. అంటే మాకక్కడ మధ్యాహ్నం రెండున్నర. "కిశోర్ సర్ ఏమో ఏడికి పోతవమ్మా, వచ్చే ఏడు ఈ ప్రాజెక్ట్‌ల టెస్టింగ్ డబుల్ అయితది, నిన్నే లీడ్ చేస్త అంటున్నరు. ఏం చేయాల్నో సమజైతలేదు."

ఆమె భయం ఎక్కడిదో కూడా చెప్పింది. పాప పుట్టినప్పుడు మూడేళ్ళు ఉద్యోగం మానేసింది. మళ్ళీ చేరడానికి ఎన్నో ఆఫీసుల మెట్లెక్కింది. ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఆ మూడేళ్ళ ఖాళీ గురించే. "కొత్త కాడ కుదరక ఇంకోపాలి గ్యాప్ వస్తే ఇగ నన్ను ఎవ్వరు పిలవరు మేడం. ఉన్న కాడ ఉంటేనే నయమేమో." నాకు సాఫ్ట్‌వేర్ సంగతులు తెలియవమ్మా అని తప్పుకున్నాను. భోజనాల వేళలోపు కొత్త కంపెనీకి రానని రాసి పంపేస్తానని చెప్పి లేచి వెళ్ళింది.

పది గంటలకు పెద్ద చౌకులో రామోన్, లూసియాలతో పాటు గైడ్ పిలార్ మాకోసం ఎదురుచూస్తోంది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. అందరూ వెనకాలే రావడానికి ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని నడిచింది. ఇలాంటి నడకలకు చిన్న మైకూ, ఒక్కొక్కరికీ చెవిలో పెట్టుకునే రిసీవరూ ఇస్తారు. పిలార్ స్పానిష్‌లో చెబుతుంటే నేను ఆమె పక్కనే నడుస్తూ మైకులో గుసగుసగా తెలుగులో చెప్పాలి. వర్క్‌షాపులో ఇంగ్లీషులోకి చెప్పాను గానీ నడకలో తెలుగే హాయిగా ఉంటుందన్నారు కిశోర్ గారు. నాకూ హాయిగానే ఉంది. తేనెరంగు రాతి భవనాల మధ్య, గోడ నిండా రాతి ఆల్చిప్పలు చెక్కిన ఇంటి ముందు నిలబడి, 'ఇదిగో ఇటు చూడండి' అని తెలుగులో చెప్పడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. విశ్వవిద్యాలయం వీధుల్లో గోడల మీద ఎర్రని అక్షరాలు ఉన్నాయి. పెద్ద పట్టా పుచ్చుకున్నవాళ్ళు వెనకటికి ఎద్దు నెత్తురు కలిపిన రంగుతో తమ పేర్లు గోడల మీద రాయించుకునేవారట. మా కుర్రాళ్ళు మొదటిసారి ఫోన్లోంచి తలెత్తారు.

ఆ తర్వాత విశ్వవిద్యాలయపు పాత ముఖద్వారం ముందు ఆగాం. మూడు అంతస్తుల ఎత్తు, అరచెయ్యి పట్టేంత చోటు కూడా వదలకుండా శిల్పాలు. వాటిలో ఎక్కడో ఒక పుర్రె మీద చిన్న కప్ప కూర్చుని ఉంటుంది. ఎవరి సాయమూ లేకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థికి పరీక్ష గట్టెక్కినట్టేనని అక్కడి నమ్మకం. ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఫలితం దక్కదు. పిలార్ అది చెప్పి, వెతుక్కోండని పక్కకు తప్పుకుంది. నేను మైకు ఆపేశాను. చిలుకూరులో ప్రదక్షిణలు చేసి వీసాలు తెచ్చుకున్న జాతి కదా మనది, అయిదుగురూ మెడలు రిక్కించి దీక్షగా వెతకడం మొదలుపెట్టారు. నాకు అంతకుముందు చదివిన పుస్తకం పుణ్యాన అదెక్కడుందో తెలుసు. చెప్పలేదు.

నేను వెనక్కి వచ్చి ఒక రాతి దిమ్మె పక్కన నిలబడ్డాను. రామోన్, లూసియా నాకు రెండడుగుల దూరంలో ఉన్నారు. వాళ్ళు స్వప్న వైపే చూస్తున్నారు. మంచి పనిమంతురాలు, పాపం డిసెంబరుతో టెస్టింగ్ పని మనమే తీసేసుకుంటున్నాం, అప్పుడు ఈమె ఏమవుతుందో అన్నాడు రామోన్. ఆగస్టులోనే వాళ్ళ మేనేజరుకు రాశాం కదా, ఈపాటికి చెప్పే ఉంటాడు, వేరే చోటు చూసుకునే ఉంటుంది అంది లూసియా. ఆ మాటల్లో దాపరికం ఏమీ లేదు. నేను వింటున్నానన్నది కూడా వాళ్ళు పట్టించుకోలేదు.

నాకు కోపం వచ్చింది. ముందు కిశోర్ గారి మీద. అంత మర్యాదగా 'అమ్మా' అంటూ ఆ పిల్లను ఎక్కడికీ పోనీకుండా కట్టేస్తున్నాడు. తర్వాత నా వృత్తి మీద. అది వాళ్ళిద్దరూ తమలో తాము అనుకున్న మాట, పాతిపెట్టాల్సిన మాట. పైగా నన్ను నియమించుకున్నది కిశోర్ గారే. చెబితే ఇరవై ఎనిమిదేళ్ళుగా పాటించిన నియమం పోతుంది. చెప్పకపోతే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, సరిగ్గా ఆ పరిస్థితి.

స్వప్న నా దగ్గరికి వచ్చింది. "మేడం, మీకు ఎర్కే కదా ఆ కప్ప ఏడుందో. జర చెప్పరాదు."

"చూపిస్తే ఫలితం ఉండదట" అన్నాను.

"ఫలితం లేకున్నా మంచిదే, మెడ పట్టింది" అని నవ్వింది. "ఇగ ఆ కంపెనీకి మెయిల్ పెట్టేస్త మేడం. సర్ ఇంత గట్టిగ చెప్తున్నరు కదా."

అప్పుడు నా నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. వచ్చే ఏడాది పని ఉందని నీకెవరు చెప్పారు అన్నాను. కిశోర్ సర్ అంది. పని ఇచ్చేవాళ్ళెవరు అన్నాను. వీళ్ళే అంది, రామోన్ వైపు చూసి. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు ఎవరిని ఏం అడగాలన్నా అడిగి పెట్టడానికే నన్ను జీతమిచ్చి తీసుకొచ్చారు" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. చూసినంతసేపూ నేను ముఖద్వారం వైపు చూశాను.

పక్కనే 'చిన్న పాఠశాలలు' అని పిలిచే పాత ప్రాంగణంలోకి నడిచాం. చుట్టూ వంపుల వసారా, మధ్యలో పచ్చగడ్డి. పిలార్ ఇంకా మొదలుపెట్టలేదు. స్వప్న సూటిగా రామోన్ ముందుకు వెళ్ళి నిలబడి, నన్ను చూసి, "సర్, వచ్చే ఏడాది గూడ టెస్టింగ్ పని మాకే ఇస్తరా?" అని అడిగింది. నేను దాన్ని స్పానిష్‌లో చెప్పాను. అది అయ్యీ అవకముందే కిశోర్ గారు వసారాలోంచి గబగబా వచ్చారు. నవ్వుతూనే ఉన్నారు.

"అబ్బే, ఊరు చూడ్డానికొచ్చి ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ. మేడం, ఆయన ఏమన్నా ఇటు చెప్పకండి. మనం మనం తర్వాత మాట్లాడుకుందాం."

నాతోనే అన్నా, అందరి ముందూ అన్న మాట అది. నేను రామోన్ వైపు తిరిగి ఆ మాటనే, అదే మర్యాదతో, స్పానిష్‌లో వినిపించాను. 'మేడం, ఆయన ఏమన్నా ఇటు చెప్పకండి' అన్న వాక్యం నా గొంతులోంచి వస్తుంటే లూసియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిశోర్ గారికి భాష రాకపోయినా జరిగింది అర్థమైంది. నవ్వు ఆగిపోయింది.

రామోన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత స్వప్నతో నెమ్మదిగా, వాక్యం వాక్యం మధ్య నాకు చోటిస్తూ మాట్లాడాడు. నేను తెలుగులో చెప్పాను: "లేదమ్మా. డిసెంబరుతో టెస్టింగ్ మేమే చేసుకుంటున్నాం. నీ పనిలో లోపమేమీ లేదు. ఈ సంగతి మీ మేనేజరుకు నేను ఆగస్టులోనే చెప్పాను. నీకు తెలుసనుకున్నాను. క్షమించు." చెప్పింది ఆయన, నేను అన్నది 'నేను' అని.

స్వప్న కిశోర్ గారి వైపు తిరిగింది. "ఎర్కేనా సర్ మీకు?" అంది.

"ప్రాజెక్టు డెలివరీ అయ్యేదాకా నువ్వు లేకపోతే మన టీం ఆగిపోతుందమ్మా. తర్వాత ఎక్కడో ఒకచోట సర్దేవాణ్ణే కదా."

"ఏడ సర్దుతరు సర్, బెంచి మీదనా?" బెంచి అంటే ప్రాజెక్టు లేకుండా జీతం మీద కూర్చోబెట్టడం. కొన్నాళ్ళకు ఆ జీతమూ ఆగుతుందని హైటెక్ సిటీలో తెలియనివాళ్ళు లేరు.

నేను స్పానిష్‌లోకి మళ్ళబోతుంటే రామోన్ వద్దని చేత్తో సైగ చేశాడు. వినాల్సినవాళ్ళు వద్దంటే ఆపొచ్చు, అదీ నియమమే. ఆపాను. స్వప్న గడ్డి అంచున కూర్చుని ఫోన్ తీసింది. వస్తున్నానని రాసిందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

పిలార్‌కు మా గొడవ పట్టలేదు, పన్నెండున్నరకు ఇంకో బృందం ఉందట. గొడుగెత్తింది. పాత చర్చిలో ఒక చిన్న గది చూపించి, పెద్ద పరీక్షకు ముందు రోజు విద్యార్థిని రాత్రంతా అందులో ఒంటరిగా ఉంచేవారని చెప్పింది. నేను మైకులో చెప్పుకుంటూ పోయాను. కిశోర్ గారు రిసీవరు చెవిలోంచి తీసి జేబులో వేసుకున్నారు. తెలుగు విననని ఆయన ఆ విధంగా చెప్పారు.

హైదరాబాద్‌కు వచ్చిన వారంలో ఆయన ఏజెన్సీకి ఫిర్యాదు చేశారు. తమ మనిషై ఉండి ఎదుటివాళ్ళ ముందు తమను పలచన చేశానన్నారు. ఏజెన్సీ యజమాని నన్ను పిలిచి, "మీరు చేసింది తప్పని నేననను మేడం, కానీ కాస్త చూసీ చూడనట్టు పోవాల్సింది" అన్నాడు. చూసీ చూడనట్టు పోవచ్చు గానీ వినీ విననట్టు పోతే నా ఉద్యోగమెందుకని అడిగాను. ఆ కంపెనీ పనులకు మళ్ళీ నన్ను పంపలేదు. దానికి నేను పెద్దగా బాధపడలేదు.

బాధపడింది ఇంకోదానికి. తిరుగు ప్రయాణంలో మాడ్రిడ్ విమానాశ్రయంలో స్వప్న నా పక్క కుర్చీలో కూర్చుంది. కృతజ్ఞతలు చెబుతుందేమో, ఎలా తప్పించుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"కప్ప కాడ నిలబడ్డప్పుడే మీకు ఎర్కేనా మేడం?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆమెకు అది చాలింది.

"నేను ఆయన్ని అడగకపోతే?"

"చెప్పేదాన్ని కాదు" అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

స్వప్న తల ఊపింది. కోపంగా కాదు, అర్థమైనట్టుగా. కానీ హైదరాబాద్ దాకా మళ్ళీ నాతో మాట్లాడలేదు. శంషాబాద్‌లో సామాను తీసుకుని, వస్త మేడం అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మేం కలుసుకోలేదు.

నా నియమం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అది లేకపోతే దుబాసీని ఏ పక్షమూ నమ్మదు. కానీ ఆ నియమం వల్ల ఎవరు ఏం పోగొట్టుకోగలరో ముందే తెలియాల్సింది వాళ్ళకు, నాకు కాదు. అందుకే మిగిలిన రెండేళ్ళ ఉద్యోగంలో ప్రతి కొత్త పనికీ మొదటి రోజు నా పద్ధతి వివరించాక, రెండు భాషల్లోనూ ఇంకో మాట చేర్చేదాన్ని: నన్ను అడిగితే నేను చెప్పలేను, నా ద్వారా అడిగితే నేను దాచలేను.