దిబ్బలో మాగని దువ్వెన

ఈ రోజు పొద్దున మా ఊరి రైతు వెంకయ్యగారు ఎరువు బండి మా గుమ్మం ముందు ఆపి, ఒక ఎర్ర దువ్వెన నా చేతిలో పెట్టారు. చూడగానే గుర్తుపట్టాను.

కిందటి వేసవిలో మా బడి పిల్లల్ని వాడరేవు తీసుకెళ్ళి, సముద్రం నుంచి ఒడ్డుకు ఏమేం కొట్టుకొస్తాయో వంద అడుగుల మేర ఏరించి పట్టీ రాయించాను. కొబ్బరి చిప్పలు, తెగిన వలలు, కొయ్యముక్కలు చాలా దొరికాయి. ప్లాస్టిక్ వస్తువు మాత్రం ఒక్కటే, పళ్ళు విరిగిన ఈ దువ్వెన. ప్లాస్టిక్ మా ఊరికింకా కొత్త, మా ఇళ్ళలో ఇంకా కొమ్ము దువ్వెనలే కాబట్టి పిల్లలందరూ దాన్ని తిప్పితిప్పి చూశారు. ఇది ఎన్నాళ్ళకు మట్టిలో కలుస్తుందని అడిగితే సైన్సు మాస్టారినైన నాకూ తెలియలేదు. బండి కట్టుకుని మాతో వచ్చిన వెంకయ్యగారు మాత్రం, తన పెంటదిబ్బలో వేస్తే ఏదైనా ఏడాదిలో ఎరువైపోతుందని పందెం కాసినట్టు చెప్పి పట్టుకెళ్ళారు. ఊళ్ళో ఆయన ఎరువుకి పేరుంది.

ఇవాళ మిరపచేనికి తోలుదామని దిబ్బ తవ్వుతుంటే అది పారకు తగిలిందట.

"గోనెసంచి మాగిందండీ, తోలుచెప్పు కూడా మెత్తబడింది. ఇదేమో రంగైనా పోలేదు మాస్టారూ," అన్నారు, తప్పు తనదే అయినట్టు.

"ఇంకో ఏడాది ఉంచి చూద్దామా?" అన్నాను.

"ఉంచుతాలెండి. నాకైతే దిబ్బ ఉంది. సముద్రం ఏం చేసుకుద్దండీ దీన్ని?"

దువ్వెన కడిగి మళ్ళీ ఆయనకే ఇచ్చాను. మీ ఊళ్ళో ఏ దిబ్బలోనైనా ఇలాంటిది మాగి ఉంటే చెప్పండి, వెంకయ్యగారు మళ్ళీ తలెత్తుకు తిరుగుతారు. మాగకపోతే మాత్రం ఆయనతో చెప్పకండి, నాతో చెప్పండి.