అంగుళం గీత

మా ఆయన ఎలక్ట్రీషియన్. ఇంట్లో ఫ్యాను కిర్రుమనడం మొదలై రెండేళ్లయింది. దాని వంక చూడ్డానికి ఆయనకి తీరికేదీ? చెక్కబొమ్మల క్లబ్బు పత్రికకి పద్దెనిమిదేళ్లుగా ఎడిటరు మరి! భోజనాల బల్ల నిండా ప్రూఫులే. పిల్లలూ నేనూ ఒళ్లో కంచాలు పెట్టుకుని తింటాం.

పత్రిక మధ్యలో ఒక మడత కాగితం ఉంటుంది. బొమ్మ భాగాలన్నీ అసలు కొలతల్లో గీసి ఉంటాయి, చెక్కకి అంటించి కోసుకోవడమే. అడుగున ఒక గీత. దాని కింద, "ఇది సరిగ్గా అంగుళం ఉండాలి, స్కేలుతో చూసుకోండి" అని. ఆ గీత వెయ్యకుండా ఆయన ఏ సంచికా వదల్లేదు.

ఈసారి క్లబ్బు సెక్రటరీ, మందుల షాపులో పనిచేసే అమ్మాయి, "బాబాయ్ గారూ, ఒక్క సంచిక ఫోన్లకి పంపి చూద్దామండీ. బాగుంటే ఇక అచ్చు మానేద్దాం" అంది. అంతే, ఫోను కనిపెట్టింది నేనే అన్నట్టు వారం రోజులు నా మీద ఎగిరారు. చివరికి సణుక్కుంటూనే పంపారు.

బొమ్మ గుర్రం. ఐదుగురు తలో భాగం కోసి, ఆదివారం క్లబ్బులో కలిపి బిగించాలి. చూద్దామని నేనూ వెళ్లాను. ఫోను మీద పల్చటి కాగితం పెట్టి గీసుకున్నారట మహానుభావులు! వేలు తగిలినప్పుడల్లా బొమ్మ పెరిగిందో తరిగిందో ఎవడు చూశాడు? తీరా బిగిస్తే తల గుమ్మడికాయంత, ముందు కాళ్లు జానెడు, వెనక కాళ్లు బెత్తెడు. గుర్రం బోర్లా పడింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ అమ్మాయి చిన్నబోయి, "తప్పు నాదేనండీ. అచ్చే ఉంచుదాం" అంది.

ఇంటికొచ్చాక ఆ బొమ్మ ఆయన ఫోన్లో తెరిచి చూశాను.

"ఏమండీ, గీత ఏదీ? అది ఉంటే స్కేలు పెట్టి బొమ్మ సైజు సరిచూసుకునేవాళ్లుగా?"

"మర్చిపోయాను."

"పద్దెనిమిదేళ్లుగా మర్చిపోనిది ఇప్పుడు మర్చిపోయారా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు? ఆ పిల్ల నలుగురిలో తల దించుకుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నారే!"

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు ఆయన కంచం ఆ ప్రూఫుల మీదే పెట్టి వెళ్లిపోయాను.

మూడో రోజు ప్రూఫు తెచ్చి నా ముందు పెట్టారు. మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో: "గుర్రం కాగితంలో గీత నేనే కావాలని తీసేశాను. సెక్రటరీ తప్పేమీ లేదు. ఎడిటరు."

"ఆ అమ్మాయికి ఫోన్లో చెబితే సరిపోయేదిగా? అచ్చులో పడ్డాక ఇక చెరపలేం," అన్నాను.

"అందుకే," అన్నారు.